ఏప్రిల్ ఖాళీతో లైన్‌మన్‌ను కొలవొద్దు

మొదటి రౌండ్‌లో తీసుకున్న లైన్‌మన్ సెప్టెంబరులో మొదటి ఆటకే దిగాలి, దిగలేనివాడి మీద అంత విలువైన పిక్ పెట్టడం దండగ. ఏటా ఏప్రిల్‌లో, కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ దగ్గర పడేకొద్దీ అమెరికాలో ఈ మాట మంత్రంలా మోగుతుంది. టీవీ నిపుణుడు అదే అంటాడు, అభిమాని అదే అంటాడు, చివరికి జట్టు యాజమాన్యాలు కూడా దానికే తలొగ్గుతాయి. లైన్‌మన్ అనగానే మనకు కరెంటు స్తంభమెక్కే మనిషి గుర్తొస్తాడు గనుక ముందుగా ఒక వివరం చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి కదిలే గీత మీద ఎదురెదురుగా మోహరించే భారీకాయులు ఈ లైన్‌మన్‌లు. బంతి తమ చేతిలో ఉన్న జట్టు తరఫున ఐదుగురు ఉంటారు. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, రెండు కొసల్లో టాకిల్‌లు. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడడం, బంతితో పరుగెత్తేవాడికి దారి తెరవడం వీళ్ల పని. ఆ గోడను బద్దలుకొట్టడం ఎదుటి లైన్ పని. ఆఫెన్సివ్ లైన్‌మన్ పేరు స్కోరుబోర్డు మీదికి దాదాపు రాదు. తప్పు చేసినప్పుడు మాత్రం రిఫరీ నోట అతని నంబరు స్టేడియమంతా వినిపిస్తుంది.

ఎదుటివాళ్ల వాదనను దాని బలంతోనే చెప్పుకోవాలి. జట్టుకు ఎడమ టాకిల్ లేడు. క్వార్టర్‌బ్యాక్ కోట్ల డాలర్ల మనిషి, అతని మోకాలికి దెబ్బ తగిలితే సీజన్ అక్కడితో సరి. డ్రాఫ్ట్‌లో రౌండ్లు ఏడున్నా మొదటి రౌండ్‌లో జట్టుకు మామూలుగా దక్కేది ఒక్క అవకాశం. దాన్ని రెండేళ్ల తర్వాత అక్కరకొస్తాడేమోననే కుర్రాడి మీద పెట్టి, ఇవాళ కూలుతున్న గోడను అలాగే వదిలేస్తే ఎలా? పైగా రెండేళ్ల తర్వాత కోచ్‌కు ఉద్యోగం ఉంటుందన్న భరోసా లేదు. ఎదుగుదల అన్నది ఊహ, ఖాళీ అన్నది వాస్తవం. వాస్తవాన్ని ముందు చూసుకోవాలి. వినడానికి ఇంత సబబుగా ఉన్న ఈ వాదన లైన్‌మన్‌ల విషయంలో మాత్రం మొదటి మెట్టు దగ్గరే తప్పుతోంది. ఖాళీ వాస్తవమే, కానీ అది ఎన్నాళ్లుండే వాస్తవమో ఎవరూ అడగడం లేదు.

1. ఖాళీ ఆయుష్షు ఎంత, ఒప్పందం ఆయుష్షు ఎంత?

2011లో యాజమాన్యాలకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం డ్రాఫ్ట్‌లో ఎంపికైనవాడి తొలి కాంట్రాక్టు నాలుగేళ్లు. మొదటి రౌండ్ వాడైతే ఐదో ఏడాది కూడా అట్టిపెట్టుకునే హక్కు జట్టుకు ఉంటుంది. 2021 నుంచి సీజన్‌కు 17 ఆటలు. అంటే మొదటి రౌండ్‌లో లైన్‌మన్‌ను తీసుకున్న జట్టు చేతికి 85 ఆటలకు సరిపడా మనిషి వస్తున్నాడు, అదీ పేరు తెచ్చుకున్న ఆటగాడికి ఇవ్వాల్సిన దాని కంటే ఎంతో తక్కువకు. ఇందులో మొదటి ఏడాది వాటా 17 ఆటలు. ‘వెంటనే దిగుతాడా’ అన్న ఒక్క ప్రశ్నతో ఎంపిక చేసేవాళ్లు ఆ 17 ఆటలనే తూచి, మిగిలిన 68 ఆటలను తక్కెడలోంచి తీసి కింద పెడుతున్నారు. పాడికోసం పశువును కొనే రైతు కూడా ఈ ఈతలో ఎన్ని లీటర్లిస్తుందనే కాదు, ఇంకా ఎన్ని ఈతలు ఈనుతుందో పళ్లు పట్టి చూస్తాడు.

ఇక ఆ ఖాళీ సంగతి. ఏప్రిల్‌లో కనిపించే ఖాళీ సెప్టెంబరు దాకా అక్కడే ఉంటుందన్న హామీ లేదు. లైన్‌లో గాయాలు నిత్యకృత్యం. అందుకే 2020 ఒప్పందంలో ఆట రోజున ఎనిమిది మంది ఆఫెన్సివ్ లైన్‌మన్‌లను సిద్ధంగా ఉంచుకునే జట్టుకు 48 మందిని దింపుకునే వెసులుబాటు ఇచ్చారు. ఐదుగురు ఆడేచోట ఎనిమిది మంది కావాలని లీగే ఒప్పుకుంది. 2016 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు ఎడమవైపు జేసన్ పీటర్స్, కుడివైపు లేన్ జాన్సన్ ఉన్నారు. ఖాళీల జాబితా రాసేవాడు అక్కడ టాకిల్ అన్న మాటే రాయడు. అయినా ఆ జట్టు ఐదో రౌండ్‌లో, 164వ పిక్‌తో, వైటై అనే టాకిల్‌ను తీసుకుంది. ఆ ఏడాదే జాన్సన్‌పై 10 ఆటల నిషేధం పడింది. మరుసటి ఏడాది అక్టోబరులో పీటర్స్ మోకాలు దెబ్బతిని సీజన్‌కు దూరమయ్యాడు. రెండుసార్లూ ఆ కుర్రాడే దిగాల్సి వచ్చింది. 2018 ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లండ్‌ను 41–33తో ఓడించి ఈగల్స్ మొట్టమొదటిసారి లీగ్ ఫైనలైన సూపర్ బౌల్ గెలిచిన రాత్రి ఎడమ టాకిల్ స్థానంలో ఉన్నది, అవసరం లేనప్పుడు తెచ్చుకున్న ఆ మనిషే.

ఇంకాస్త వెనక్కి వెళితే 1996 ఉంది. క్లీవ్‌లాండ్ నుంచి తరలివచ్చి బాల్టిమోర్ రేవెన్స్‌గా పేరు మార్చుకున్న జట్టుకు అది తొలి డ్రాఫ్ట్. నాలుగో పిక్ వాళ్లది. పరుగెత్తేవాడు కావాలి, లారెన్స్ ఫిలిప్స్ అందుబాటులో ఉన్నాడు, యజమాని ఆర్ట్ మోడెల్ మనసూ అటే. ఎడమ టాకిల్‌గా అప్పటికే టోనీ జోన్స్ ఉన్నాడు. ఎంపికల బాధ్యత చూస్తున్న ఓజీ న్యూసమ్ మాత్రం తన జాబితాలో పైనున్న జోనథన్ ఆగ్డెన్‌నే తీసుకున్నాడు. ఖాళీ చూసి ఎంచుకునేవాళ్ల లెక్కలో, వాళ్లను అవసరవాదులందాం, ఇది శుద్ధ తప్పు. ఆగ్డెన్ తొలి ఏడాది తనది కాని ఎడమ గార్డు స్థానంలో ఆడాడు. మరుసటి ఏడాది జోన్స్‌ను డెన్వర్‌కు పంపి ఆ కుర్చీ ఇతనికిచ్చారు. తర్వాత 11 సార్లు ప్రో బౌల్ (ఏటా మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవం), 2013లో హాల్ ఆఫ్ ఫేమ్. ఆరో పిక్‌తో ఫిలిప్స్‌ను తీసుకున్న రామ్స్ అతని రెండో సీజన్ ముగియకముందే వదిలేసింది. 1996లో రేవెన్స్‌కు పరుగెత్తేవాడు నిజంగానే అవసరం. ఆ అవసరాన్ని ఇవాళ గుర్తుపెట్టుకున్నవాళ్లెవరు?

2. ‘సిద్ధంగా ఉన్నాడు’ అన్న కితాబు విలువ

అవసరవాదుల రెండో ఆధారం, ఎవడు సిద్ధంగా ఉన్నాడో తమకు తెలుసునన్న ధీమా. దీన్ని పరీక్షించడానికి 2013 డ్రాఫ్ట్‌ను మించిన గీటురాయి లేదు. మొదటి నాలుగు పిక్‌లలో మూడు టాకిల్‌లకే పోయాయి. కాన్సస్ సిటీ మొదటి పిక్‌తో ఎరిక్ ఫిషర్‌ను, జాక్సన్‌విల్ రెండో పిక్‌తో ల్యూక్ జోకెల్‌ను, ఫిలడెల్ఫియా నాలుగో పిక్‌తో లేన్ జాన్సన్‌ను తీసుకున్నాయి. ఈ ముగ్గురిలో వెంటనే పనికొచ్చేవాడు జోకెల్ అని అందరూ అన్నారు. టెక్సస్ ఎ అండ్ ఎం తరఫున మూడేళ్లు ఎడమ టాకిల్‌గా ఆడాడు, కాళ్ల కదలికలో తప్పు పట్టడానికి లేదు. జాన్సన్‌ది దానికి పూర్తిగా వ్యతిరేకం. జూనియర్ కాలేజీలో క్వార్టర్‌బ్యాక్, ఓక్లహోమాకు వచ్చాక టైట్ ఎండ్, ఆ తర్వాత ఎదుటి లైన్ కొసన నిలిచే డిఫెన్సివ్ ఎండ్, చివరి రెండు సీజన్లలో మాత్రమే టాకిల్. పచ్చి ఆటగాడన్నారు.

జాక్సన్‌విల్‌కు అప్పటికి ఎడమ టాకిల్ ఉన్నాడు, కుడివైపు ఖాళీ. జీవితమంతా ఎడమవైపు ఆడినవాణ్ని ఆ ఖాళీలో కుడివైపు నిలబెట్టారు. అక్టోబరు వచ్చేసరికి ఎడమ టాకిల్ యుజీన్ మన్రోను బాల్టిమోర్‌కు ఇచ్చేసి జోకెల్‌ను అటు మార్చారు. అక్కడ ఆడిన మొదటి ఆటలోనే చీలమండ విరిగింది. తర్వాత గార్డుగా మార్చారు, ఐదో ఏడాది హక్కు వదులుకున్నారు, 2017 తర్వాత అతను లీగ్‌లో ఆడలేదు. గాయాల్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే, నేనూ తీసుకుంటున్నాను. కానీ ఖాళీ కోసం తెచ్చిన మనిషిని ఆ ఖాళీ జరిగినప్పుడల్లా దానివెంట జరపడం కూడా లెక్కలోకి రావాలి. ఫిషర్ తొలి ఏడాది కుడివైపు తడబడ్డాడు, విఫలమయ్యాడని తీర్పులు వెలువడ్డాయి. ఎడమవైపు కుదురుకున్నాక రెండుసార్లు ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు, సూపర్ బౌల్ గెలిచాడు. పచ్చివాడన్న జాన్సన్ ఆ లీగ్‌లో తన తరం కుడి టాకిల్‌లలో అగ్రగణ్యుడయ్యాడు. ఈగల్స్ గెలిచిన రెండు సూపర్ బౌల్‌లలోనూ ఆ స్థానం అతనిదే.

అదే డ్రాఫ్ట్‌లో ఇంకొంచెం కిందికి చూడండి. ఏడో పిక్‌తో అరిజోనా జోనథన్ కూపర్‌నూ, పదో పిక్‌తో టెనెసీ చాన్స్ వార్మక్‌నూ తీసుకున్నాయి. ఇద్దరూ గార్డులు. తెచ్చి నిలబెడితే చాలు, పదేళ్లు చూసుకోనక్కర్లేదన్న భరోసా మీదే గార్డులకు అంత పై స్థానం దక్కింది. కూపర్ తొలి సీజన్‌కు ముందే కాలు విరగ్గొట్టుకుని, మూడేళ్లు తిరక్కుండా బదిలీ అయ్యాడు. వార్మక్‌ను టెనెసీ ఐదో ఏడాదికి అట్టిపెట్టుకోలేదు. ఒరెగన్‌లో ఒక్క సీజన్ మాత్రమే ఆడి వచ్చిన కైల్ లాంగ్ 20వ పిక్‌తో షికాగో చేరి తొలి మూడేళ్లూ ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. మూడో రౌండ్‌లో 75వ పిక్‌గా వచ్చిన టెరాన్ ఆర్మ్‌స్టెడ్ న్యూ ఆర్లీన్స్‌కు ఏళ్ల తరబడి ఎడమ టాకిల్. నాలుగో రౌండ్‌లో 109వ పిక్‌గా గ్రీన్ బే తీసుకున్న డేవిడ్ బక్తియారీ ఆల్-ప్రో అయ్యాడు. సిద్ధంగా ఉన్నాడన్న ముద్ర ఆ ఏడాది ఏ ఒక్కరి భవిష్యత్తునూ పట్టివ్వలేకపోయింది. కాలేజీ ఆటలో నేర్చిన చేతుల ఒడుపు ఎన్‌ఎఫ్‌ఎల్ డిఫెన్సివ్ ఎండ్ ముందు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సినదే. పొడవాటి చేతులు, చురుకైన పాదాలు, బరువు మోస్తూనే దిశ మార్చగల నడుము ఏ కోచ్ నేర్పినా వచ్చేవి కావు. నేర్పగలిగేది ఉన్నవాడికీ, నేర్పలేనిది ఉన్నవాడికీ మధ్య ఎంచుకోమంటే అవసరవాది మొదటివాణ్ని ఎంచుకుంటున్నాడు.

3. అవసరానికి చెల్లించే ధర

అవసరంలో ఉన్నవాడు బేరమాడలేడని సంతకు వెళ్లిన ప్రతివాడికీ తెలుసు. డ్రాఫ్ట్ కూడా సంతే. 2011లో ఈగల్స్ ఈ ఏడాదే గెలవాలన్న ఆతృతలో ఉంది, ఆ వేసవిలో పేరున్న ఆటగాళ్లనెందరినో పోగుచేసింది కూడా. కుడి గార్డు కావాలి. 23వ పిక్‌తో డానీ వాట్కిన్స్‌ను తీసుకుంది. కెనడాలో అగ్నిమాపక సిబ్బందిగా పనిచేసి, ఆలస్యంగా ఆటకొచ్చిన ఆయనకు అప్పటికే 26 ఏళ్లు. వయసులో పరిణతి ఉంది, బలముంది, వెంటనే దిగుతాడు. ఎదుగుదలకు మిగిలిన కాలమెంతో మాత్రం లెక్క వేయలేదు. రెండేళ్ల తర్వాత, 2013 ఆగస్టులో, వదిలేశారు. ఇందులో వాట్కిన్స్ తప్పేమీ లేదు. ఆయన్ను అంత పైన నిలబెట్టింది జట్టు తొందర. అదే డ్రాఫ్ట్ ఆరో రౌండ్‌లో, 191వ పిక్‌తో, బరువు చాలదని అందరూ పక్కన పెట్టిన జేసన్ కెల్సీని అదే జట్టు తీసుకుంది. అతను 13 సీజన్లు ఆడి 2024 మార్చిలో రిటైరయ్యాడు.

2021లో సిన్సినాటి ఉదంతాన్ని ఇరుపక్షాలూ వాడుకుంటాయి గనుక కాస్త ఆగి చూడాలి. అంతకుముందు నవంబరులో క్వార్టర్‌బ్యాక్ జో బరో మోకాలు దెబ్బతింది. ఐదో పిక్‌తో టాకిల్ పెనై సూవెల్‌ను తీసుకోవాలని దేశమంతా చెప్పింది. వాళ్లు బంతి అందుకునే జమార్ చేస్‌ను తీసుకున్నారు, ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ దాకా వెళ్లారు. ఆ దారిలో బరో లీగ్ సీజన్‌లో 51 సార్లు, ప్లేఆఫ్స్‌తో కలిపి 70 సార్లు బంతితో సహా కింద పడ్డాడు, ఆ పడగొట్టడాన్నే శాక్ అంటారు. చూశారా, అవసరాన్ని పట్టించుకోకపోతే ఇదీ గతి అంటారు వాళ్లు. పట్టించుకున్నారు, రెండో రౌండ్‌లో. లైన్ కోసమని 46వ పిక్‌తో జాక్సన్ కార్మన్‌ను తెచ్చారు, అతను ఎన్నడూ కుదురుకోలేదు. పదిహేడు పిక్‌ల తర్వాత, 63వ స్థానంలో, కాన్సస్ సిటీ సెంటర్ క్రీడ్ హంఫ్రీని పట్టుకుపోయింది.

ఆ కాన్సస్ సిటీనే నా మీదికి ఎక్కుపెట్టే గట్టి ఉదాహరణ. 2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఇద్దరు టాకిల్‌లూ గాయాలతో దూరమై, క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ ప్రాణాలరచేత పెట్టుకుని పరుగెత్తి, ఆ జట్టు 31–9తో ఓడింది. ఆ వేసవిలో లైన్ మొత్తాన్ని మార్చేశారు. హంఫ్రీ, ఆరో రౌండ్‌లో 226వ పిక్‌గా వచ్చిన ట్రే స్మిత్ మొదటి ఆట నుంచే ఆడారు. అవసరానికి తగ్గట్టు ఎంచుకుంటే ఫలితం వెంటనే వచ్చింది కదా? వచ్చింది. కానీ ఆ అత్యవసరాన్ని వాళ్లు దేనితో తీర్చుకున్నారు? ఎడమ టాకిల్ కోసం అప్పటికే రుజువైన ఆర్లాండో బ్రౌన్ జూనియర్‌ను బాల్టిమోర్ నుంచి తెచ్చుకున్నారు. గార్డు కోసం అనుభవజ్ఞుడైన జో థూనీకి ఐదేళ్లకు 8 కోట్ల డాలర్లు రాసిచ్చారు. ఇవాళ మండుతున్న మంటకు నీళ్లు అనుభవజ్ఞుల దగ్గర కొన్నారు. హంఫ్రీ, స్మిత్‌లను పైకి లాక్కోలేదు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే సమస్య వల్ల అందరూ భయపడి వదిలిన స్మిత్ అంత కింద దొరికాడు. డాలస్ కథా ఇదే. 2013లో సెంటర్ అవసరమై ట్రావిస్ ఫ్రెడరిక్‌ను తీసుకున్నప్పుడు డాలస్ కౌబాయ్స్‌ను నిపుణులు తిట్టిపోశారు. అతను ఐదుసార్లు ప్రో బౌల్‌కు వెళ్లాడు. అవసరం నెరవేరింది, నిజమే. కానీ ఆ జట్టు 18వ స్థానం నుంచి 31కి దిగి, దిగినందుకు మూడో రౌండ్ పిక్ అదనంగా రాబట్టి మరీ అతన్ని తీసుకుంది. అవసరముందని ధర పెంచలేదు.

4. మూడు ఆక్షేపణలు

శిక్షణకు సమయమెక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2011 ఒప్పందం రోజుకు రెండుసార్లు ప్యాడ్లతో చేసే సాధనను రద్దు చేసింది, లీగ్ సీజన్ మొత్తానికి ప్యాడ్లతో సాధనను 14 రోజులకు కుదించింది. ఢీకొనకుండా ఢీకొనడం నేర్వలేరు గనుక, ముందే నేర్చినవాణ్ని తెచ్చుకోవాలంటారు. ఇందులోంచి రావలసిన ముగింపు వేరు. సాధన తగ్గిందంటే ప్రతి కుర్రాడికీ, సిద్ధంగా ఉన్నాడన్నవాడికి కూడా, ఎక్కువ నెలలు పడతాయి. అతన్ని సెప్టెంబరులోనే తోసేయడం మరింత ప్రమాదం. న్యూయార్క్ జెయింట్స్ 2015లో తొమ్మిదో పిక్‌తో ఎరెక్ ఫ్లవర్స్‌ను తీసుకుంది. మే నెలలో ఎడమ టాకిల్ విల్ బీటీ ఛాతీ కండరం తెగడంతో, కుడివైపు అనుకున్న ఆ కుర్రాణ్ని వెంటనే ఎడమవైపు నిలబెట్టారు. 2018 అక్టోబరులో వదిలేశారు. ఆ ఖాళీని ఒక్క ఏడాది నడిపించే అనుభవజ్ఞుడొకడు ఉండి ఉంటే ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు, కానీ ఉన్న కుర్రాడి కాలం మాత్రం అక్కడే ఖర్చయింది.

ఎదుగుతాడని తీసుకున్నవాళ్లు కూడా బోర్లాపడ్డారు కదా అంటారు. పడ్డారు. 2008లో ఆరో పిక్‌గా వచ్చిన వెర్నన్ గోల్‌స్టన్ ఒక్క శాక్ కూడా సాధించకుండానే వెళ్లిపోయాడు. 2014లో రెండో పిక్ గ్రెగ్ రాబిన్సన్‌ను రామ్స్ మూడేళ్లకే వదిలించుకుంది. 2022లో మొదటి పిక్‌తో ట్రావన్ వాకర్‌ను తీసుకున్న జాక్సన్‌విల్ కంటే, రెండో పిక్‌తో ఎయిడన్ హచిన్సన్‌ను తీసుకున్న డెట్రాయిట్ లాభపడిందని నేనూ ఒప్పుకుంటాను. ఒడ్డూ పొడుగూ చూసి మురిసిపోవడాన్ని నేను ఎదుగుదల అనడం లేదు. కానీ రాబిన్సన్‌ను ఏం చేశారో చూడండి. పరుగు ఆటే ప్రధానమైన ఆబర్న్ నుంచి వచ్చిన కుర్రాణ్ని, జేక్ లాంగ్ గాయపడగానే తొలి ఏడాదిలోనే ఎడమ టాకిల్‌లో నిలబెట్టారు. ఎదుగుదల కోసం తీసుకుని అవసరానికి వాడారు. ఆ వైఫల్యాన్ని ఎదుగుదల ఖాతాలో రాయడం ఏ రకం లెక్క? సరిగ్గా వాడితే ఏమవుతుందో మిన్నెసోటా చూపించింది. ఎల్‌ఎస్‌యూలో చివరి సీజన్ మొత్తానికి ఒకటిన్నర శాక్‌లే ఉన్న డానియల్ హంటర్‌ను 2015లో 88వ పిక్‌తో తీసుకుంది. ముందు ఎవర్సన్ గ్రిఫెన్, బ్రయన్ రాబిసన్ ఉన్నారు గనుక అతన్ని విడతలు విడతలుగా దింపింది. రెండో ఏడాదికే 12.5 శాక్‌లు.

కోచ్ ఉద్యోగం సంగతంటారా, అది కోచ్ సమస్య. తన ఉద్యోగం కోసం జట్టు ఐదేళ్ల ఆస్తిని ఒక్క సీజన్‌కు తాకట్టు పెట్టే అధికారం కోచ్‌కు ఉండకూడదు. తొందర తీర్పు యాజమాన్యానికి చేసే నష్టం కూడా చిన్నది కాదు. 2017లో డెన్వర్ 20వ పిక్‌గా తీసుకున్న గ్యారెట్ బోల్స్ మొదటి మూడేళ్లలో పట్టి లాగిన తప్పులతో సొంత స్టేడియంలోనే ఈసడింపులు విన్నాడు. 2020 మేలో జట్టు అతని ఐదో ఏడాది హక్కు వదులుకుంది. ఆ శరదృతువులోనే అతను ఆల్-ప్రో స్థాయికి ఎదిగాడు, నవంబరు ముగిసేలోపు నాలుగేళ్లకు 6.8 కోట్ల డాలర్లు రాసివ్వాల్సి వచ్చింది.

5. ఖాళీ లేని ఏడాది

అవసరమే కొలబద్ద అయితే, ఛాంపియన్ అయిన జట్టు డ్రాఫ్ట్‌లో లైన్‌మన్‌ను తీసుకోవడానికి కారణమే ఉండకూడదు. 2018 ఏప్రిల్‌లో ఈగల్స్ సరిగ్గా ఆ స్థితిలో ఉంది. కప్పు గెలిచి మూడు నెలలు కాలేదు, చేతిలో మొత్తం ఐదు పిక్‌లు. డిఫెన్సివ్ ఎండ్‌లు నిండుగా ఉన్నారు. అయినా నాలుగో రౌండ్‌లో 130వ పిక్‌తో, పాఠశాల రోజుల్లోనే మోకాలు ఘోరంగా దెబ్బతిన్న జాష్ స్వెట్‌ను తీసుకుంది. ఆ ఏడాది అతను ఒక్క శాక్ కూడా చేయలేదు. ఏడో రౌండ్‌లో 233వ పిక్‌తో జోర్డన్ మైలాటా అనే ఆస్ట్రేలియా కుర్రాణ్ని తీసుకుంది. రగ్బీ లీగ్ ఆడినవాడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క ఆట కూడా ఆడి ఎరగడు. రెండు సీజన్లు ఒక్క ఆటకూ దిగలేదు, రెండుసార్లూ వెన్నునొప్పితో గాయాల జాబితాలోకి వెళ్లాడు. ఆ మధ్యలో, 2019లో, పీటర్స్ వారసుడిగా 22వ పిక్‌తో ఆండ్రే డిలార్డ్‌నూ తెచ్చారు. అది ముందుచూపుతో చేసి, తప్పిన ఎంపిక. మైలాటాను మాత్రం వదల్లేదు. 2013లో లైన్ కోచ్‌గా వచ్చిన జెఫ్ స్టౌట్‌లాండ్, నిలబడే తీరు దగ్గర్నుంచీ అతనికి నేర్పుతూ వచ్చాడు. 2020లో దిగాడు, 2021లో నాలుగేళ్లకు 6.4 కోట్ల డాలర్ల కాంట్రాక్టు సంపాదించాడు, డిలార్డ్‌ను పక్కకు నెట్టాడు.

2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లో ఈగల్స్ కాన్సస్ సిటీని 40–22తో ఓడించింది. ఎడమ టాకిల్ కుదరక, గార్డుగా తెచ్చుకున్న థూనీనే అక్కడ నిలబెట్టుకున్న జట్టు మీద ఈగల్స్ అదనపు మనిషిని ఒక్కసారి కూడా పంపలేదు. ముందు నలుగురితోనే మహోమ్స్‌ను ఆరుసార్లు పడగొట్టింది. అందులో రెండున్నర స్వెట్‌వి. అటువైపు తన క్వార్టర్‌బ్యాక్ ఎడమ భుజాన్ని ఆ రాత్రంతా కాచింది మైలాటా.